జ్ఞానదంతం, నల్లి బొక్క, మా అత్తయ్యగారు

పెళ్ళయ్యాక దాదాపు ఏడాది పాటు మా అత్తయ్యగారు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టేవారని కాదు, తిట్టినా బాగుండేది. నేను ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉండగానే, చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి, "మీ ఆయన చాయ్ తాగుతడేమో అడుగు బిడ్డా" అని కూతురితో అనేవారు. మా ఆవిడ నా వైపు తిరిగి "తాగుతవా?" అనేది. నేను తాగుతాననేవాణ్ణి. ఆవిడ మళ్ళీ తల్లి వైపు తిరిగి "తాగుతడట" అని చెప్పేది. నేనన్న మాట పక్క వాటాలో వాళ్ళకి కూడా వినపడి ఉంటుంది, అత్తయ్యగారికి మాత్రం కూతురు చెప్తే గానీ చెవికెక్కేది కాదు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షలకి వెళ్ళే పిల్లలకి లెక్కలు చెప్తాను. పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి సాయంత్రం మెట్రో ఎక్కేదాకా మాట్లాడటమే నా పని. ఇంటికొచ్చాక కూడా నోరు ఊరుకోదు. కోపం ముక్కు మీదే ఉంటుంది, వచ్చినంత తొందరగానూ పోతుంది. నాలాంటివాడికి ఎవరైనా ఎదురుగా నిలబడి గట్టిగా తిడితే చాలు, తిరిగి నాలుగు అనేసి, కాసేపటికి కలిసి టీ తాగేస్తాను. మాట్లాడకుండా ఉండేవాళ్ళతో ఎలా వేగాలో నాకు ఎవరూ నేర్పలేదు.

ఆవిడ మౌనానికి కారణం ఉంది. మావాళ్ళది కృష్ణా జిల్లా. మా నాన్న ఉద్యోగం మీద వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండిపోయాడు. మా ఆవిడ వాళ్ళది నల్గొండ పల్లె, మా మామగారు లారీ కొనుక్కుని ఎల్బీనగర్ చేరారు. ఇద్దరం ఒకే మెట్రోలో ఎక్కి దిగుతూ పరిచయమయ్యాం. అయితే అప్పటికే అత్తయ్యగారు తన సొంత తమ్ముడికి మాట ఇచ్చి ఉన్నారు, పిల్లని నీ కొడుక్కే ఇస్తానని. నా మూలంగా ఆ మాట పోయింది. పెళ్ళికి వచ్చారు, అక్షింతలు వేశారు, వండి పెట్టారు. నాతో మాట్లాడటం ఒక్కటీ మానేశారు. మామగారు మాత్రం మొదటి రోజు నుంచీ భుజం మీద చెయ్యి వేసి లారీ కబుర్లన్నీ చెప్పేవారు. ఆయన ఎన్ని చెప్పినా నా చెవులు వంటింటి వైపే ఉండేవి.

ఇంకొకటి కూడా ఉంది. వాళ్ళింట్లో మటన్ వండితే నల్లి బొక్క ఎవరి కంచంలో పడుతుందనేది చిన్న విషయం కాదు. బొక్కంటే వాళ్ళ మాటలో ఎముక, లోపల మూలుగు నిండుగా ఉన్న ఎముక అది. ఇంటికి అల్లుడొస్తే అది అల్లుడిదే, వేరేవాళ్ళు ఆశపడకూడదు. ఏడాదిలో ఎన్నోసార్లు ఆ ఇంట్లో భోంచేశాను. ప్రతిసారీ నల్లి బొక్క నా కంచం పక్కనుంచి వెళ్ళి మామగారి కంచంలో పడేది. ఆయన ఇబ్బందిగా నా వైపు చూసి, తలొంచుకుని, చప్పుడు రాకుండా తినేవారు. నాకు మొదట ఈ సంగతి తెలీదు, మెత్తటి ముక్కలు వేశారని సంబరపడ్డాను కూడా. మా ఆవిడ ఇంటికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే అప్పుడు అర్థమైంది.

అలాంటి రోజుల్లో నా కింది దవడలో జ్ఞానదంతం తిరగబడింది. తిరగబడిందంటే నిజంగానే. పైకి రావాల్సింది అడ్డంగా పడుకుని ముందు పన్నుని తంతోందని ఎక్స్‌రే చూపించి చెప్పింది డాక్టరు. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణం పైనున్న చిన్న క్లినిక్ అది. డాక్టరు నాకంటే చిన్నది, చేతులు మాత్రం తాపీమేస్త్రి చేతుల్లా గట్టివి. చిగురు కోసి, ఎముక కొంచెం దొలిచి, పన్నుని ముక్కలు చేసి తీసింది. మత్తు సూది వల్ల నొప్పి తెలియలేదు గానీ దవడలోంచి వచ్చే చప్పుడుకి ప్రాణాలు పైకే పోయాయి. కుట్లు వేసి, దూది కరిచి పట్టుకోమని, నాకూ మా ఆవిడకీ కలిపి పాఠం చెప్పింది.

"ఇప్పుడా గుంటలో నెత్తురు గడ్డ కడుతుంది. దాన్ని కాపాడుకోవడమే మీ పని. మేమిచ్చే మాత్రలు నొప్పికి. మానేది ఆ గడ్డతోనే. దాని పైన చిగురు మూసుకుంటుంది, దాని అడుగు నుంచి ఎముక పెరుగుతుంది. చిగురు కొన్ని వారాల్లో మూసుకుంటుంది, ఎముక నిండటానికి నెలలు పడుతుంది. ఉమ్మొద్దు. స్ట్రాతో తాగొద్దు. ఏదీ పీల్చొద్దు, జుర్రొద్దు. రేపట్నుంచి ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని, పుక్కిలించకుండా, అటూ ఇటూ తల వంచి వదిలేయండి, వాటంతటవే పడిపోతాయి."

లెక్కలు చెప్పేవాడిని కదా, ఎవరైనా ఇంత శుభ్రంగా చెప్తే ముచ్చటేస్తుంది. దూది కరుచుకుని తలూపాను. మా ఆవిడ కూడా తలూపింది. ఆవిడ ల్యాబ్‌లో పనిచేస్తుంది, ఇలాంటి జాగ్రత్తలంటే ప్రాణం. ఇంటికొచ్చేలోపే నా స్ట్రా గ్లాసులన్నీ ఎక్కడో దాచేసింది. బుగ్గ మీద ఐసు పెట్టి, మెత్తగా చేసిన పెరుగన్నం పెట్టి, నోరు తెరిస్తే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇగ రెండొద్దులు నాకు పండుగ" అంది, రెండు రోజులు నా వాగుడు తప్పుతుందని.

సాయంత్రం వాళ్ళమ్మకి ఫోన్ చేసి చెప్పింది. పన్ను తీశారన్నంతవరకూ అవతల్నుంచి ఉలుకూ పలుకూ లేదట. బొక్క దొలిచారనేసరికి అత్తయ్యగారు ఉలిక్కిపడ్డారట. "బొక్క దొల్చిన్రా? మరి నిండాలె గదా. ఉత్త పెరుగన్నం తింటె ఎట్ల నిండుతది?" అన్నారట. ఇది మా ఆవిడ నాకు చెప్పిన మాట. నేను అది మా ఆవిడ చేత రెండుసార్లు చెప్పించుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. చూస్తే అత్తయ్యగారు, చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. మేము కొత్తపేటలో కిరాయికి ఉండే ఆ ఇంటికి అంతకుముందు ఆవిడ ఒక్కసారి కూడా రాలేదు. మా ఆవిడకి కాళ్ళు నేలమీద ఆగలేదు. నేను లుంగీ సర్దుకుని, బూరెలా పొంగిన బుగ్గతో లేచి నిలబడి దణ్ణం పెట్టాను. "కూసోమను" అన్నారు అత్తయ్యగారు కూతురితో.

డబ్బాలో పాయా. మేక కాళ్ళని తెల్లవారకముందు నుంచీ సన్నటి మంట మీద ఉడకబెట్టి తెచ్చారు. మూత తీయగానే మిరియాల వాసన ఇల్లంతా పాకింది. మా ఆవిడ ఒక గిన్నెలో పోసి, వేడి చల్లారేదాకా గరిటెతో తిప్పి, చెంచా ఇచ్చి, "ఇటుపక్క నుంచి, మెల్లగ" అంది. తాగాను. ముందురోజు నుంచీ తిన్న ఉత్త పెరుగన్నం తర్వాత ఆ పాయా లోపలికి దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. నేను తాగుతున్నంతసేపూ అత్తయ్యగారు కిటికీలోంచి మెట్రో పిల్లర్ల వైపు చూస్తూ నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడే కింద నుంచి ఇంటి ఓనరమ్మ కేక వేసింది, మంచినీళ్ళు వచ్చాయని. మా వాడలో నీళ్ళు దినం విడిచి దినం వస్తాయి. ఆ కాసేపట్లో మోటరు వేసుకుని ట్యాంకు నింపుకోకపోతే మళ్ళీ ఎల్లుండి దాకా గతి లేదు. మా ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. గదిలో నేనూ అత్తయ్యగారూ మిగిలాం.

మా మధ్య మాటలు మోసే మనిషి లేకుండా ఇద్దరం ఒక గదిలో ఉండటం అదే మొదటిసారి. నేను ఫ్యాన్ వైపు చూశాను. ఆవిడ డబ్బా వైపు చూశారు. తర్వాత అడుగు గిన్నె విప్పి, రెండు నల్లి బొక్కలు తీసి, ఒక కంచం నా ముందుకి జరిపి అందులో ఒకటి పెట్టారు.

ఏం చెప్పను! ఏడాది పాటు నా కంచం పక్కనుంచి వెళ్ళిపోయిన నల్లి బొక్క నా కంచంలో పడింది. అదే క్షణంలో డాక్టరు గొంతు కూడా చెవిలో మోగింది, ఏదీ పీల్చొద్దు అని. నల్లి బొక్కని చెంచాతో తినరు. తినేవాళ్ళు నోటికి ఆనించుకుని ఒక్క గుక్కలో జుర్రాలి. చప్పుడు రావాలి కూడా, రాకపోతే పెట్టినవాళ్ళకి తృప్తి ఉండదు.

వద్దని చెప్పొచ్చు కదా అని మీరనుకుంటారు. ఎవరికి చెప్పను? మేం మాట్లాడుకోం కదా! నేను ఏదన్నా అంటే ఆవిడకి చేరవేసే మనిషి కింద మోటరు దగ్గరుంది. తల అడ్డంగా ఊపితే, ఇంత దూరం వచ్చి పెట్టింది కాదన్నాడని అర్థం. చేత్తో పక్కకి జరిపితే మరీ ఘోరం, ముఖాన కొట్టినట్టే. అలా కంచం వైపు చూస్తూ ఉండగా ఆవిడ మొదటిసారి కిటికీ వదిలి నా వైపు చూశారు.

ఎత్తి జుర్రాను.

వెన్నలా కరిగి వచ్చింది మూలుగు. దవడలో ఎక్కడో సన్నగా చురుక్కుమంది, పట్టించుకోలేదు. ఎందుకంటే అత్తయ్యగారు ఆ ఎముకని నా కంచంలోంచి తీసి, కిటికీ వెలుతురుకి అడ్డంగా పెట్టి, ఇటువైపు నుంచి అటువైపుకి కనపడుతోందా లేదా అని చూశారు. కనపడింది. ఆవిడ పెదవి చివర చిన్న కదలిక వచ్చింది. నవ్వు అనడానికి ఇంకా ధైర్యం చాలదు గానీ, నవ్వుకి దగ్గరి చుట్టమే. రెండోది కూడా పెట్టారు. ఆ ఊపులో దాన్ని ఇంకా గట్టిగా జుర్రాను, చప్పుడుతో సహా.

మా ఆవిడ తడి కాళ్ళతో పైకి వచ్చేసరికి ఎముకలు డబ్బాలోకి వెళ్ళిపోయాయి, డబ్బా సంచిలోకి వెళ్ళిపోయింది. అత్తయ్యగారు బయల్దేరుతూ, "మల్ల తెస్తా అని చెప్పు" అన్నారు. ఆ సాయంత్రమంతా నేను ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ ఉంటే, మా ఆవిడ నుదురు తాకి జ్వరమేమో అని చూసింది.

ఆ సంతోషం మర్నాడు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. సెలవు పెట్టి ఇంట్లో ఎంతసేపు కూర్చుంటామని క్లాసుకి వెళ్ళాను. బోర్డు మీద రైలూ ప్లాట్‌ఫారమూ లెక్క వేస్తుండగా దవడలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. అక్కడ నుంచి చెవిలోకి, చెవి నుంచి కణత దాకా పాకింది. పట్టపగలు చుక్కలు కనిపించాయి. రైలుని ప్లాట్‌ఫారం మీదే వదిలేసి క్లినిక్‌కి పరిగెత్తాను. ల్యాబ్ పక్క సందులోనే కాబట్టి మా ఆవిడ కూడా వచ్చేసింది.

డాక్టరు లైటు వేసి చూసి నిట్టూర్చింది. "గడ్డ లేదండీ. గుంట ఖాళీగా ఉంది, ఎముక కనపడుతోంది. ఏం పీల్చారు?"

"ఏమీ లేదండీ" అన్నాను.

"స్ట్రా?"

"స్ట్రాలన్ని నేనే దాచిన" అంది మా ఆవిడ.

"మరి సిగరెట్?"

మా ఆవిడ నా వైపు తిరిగింది. పెళ్ళికి ముందు మానేశానని ఒట్టేసిన సంగతి అది. "తాగినవా? నా కండ్లల్లకు జూసి జెప్పు, తాగినవా?" అంది. నేను నిజంగానే తాగలేదు. కానీ లేదంటే మరేమిటని అడుగుతుంది. అవునంటే కాపురం కూలుతుంది. తేలు కుట్టిన దొంగలా గోడ వైపు చూస్తూ "నల్లి" అన్నాను.

ఒక్క నిమిషం ఇద్దరికీ అర్థం కాలేదు. తర్వాత మా ఆవిడకి అయింది. అక్కడే, ఆ కుర్చీ పక్కనే, వాళ్ళమ్మకి ఫోన్ కలిపింది. నేను నోరు తెరుచుకుని ఉన్నాను, లోపల డాక్టరు చేతులున్నాయి, చెయ్యి చాపి ఫోన్ లాక్కోబోతే అందలేదు. "అమ్మా, గాయనకు నల్లి బెట్టినవా? పీల్చొద్దన్నరు. నెత్తురు గడ్డ ఊడిపోయింది, బొక్క బయటవడ్డది" అంది గబగబా. అవతల ఫోన్ కట్ అయింది.

డాక్టరు గుంటని మందునీళ్ళతో కడిగి, లవంగం వాసన వేసే మందు పట్టీ లోపల కూరింది. నొప్పి చూస్తూ చూస్తూ తగ్గింది. ఆ కట్ అయిన ఫోన్ మాత్రం లోపల గుచ్చుకుంటూనే ఉంది. ఏడాది తర్వాత మొదటిసారి మా గడప తొక్కిన మనిషి, తను పెట్టిన తిండి వల్లే ఇలా అయిందని విని ఏమైపోతుందో అనుకున్నాను. ఇంక రాదు, ఇంక నా వైపు చూడదు అనుకున్నాను. దారంతా మా ఆవిడ మీద విరుచుకుపడ్డాను. "నువ్వు నా మొగుడివా, ఆమె కొడుకువా?" అని ఆవిడ కూడా తగ్గలేదు. మెట్రోలో జనం మాకు చోటిచ్చి దూరంగా నిలబడ్డారు.

సాయంత్రం తలుపు మళ్ళీ చప్పుడైంది. ఈసారి చేతిలో డబ్బా లేదు. అత్తయ్యగారు లోపలికి వచ్చి, నా కుర్చీకి ఎదురుగా నిలబడి, కూతురితో మొదలుపెట్టారు.

"నోరు లేదా అని అడుగు గాయనను. పొద్దుందాక పిల్లలకు పాఠాలు జెప్పనీకి నోరుంటది, ఒద్దు అని ఒక్క మాట అననీకి ఉండదా? నేనేమన్న మింగుతనా? నలుగురు ఇంటె ఏమనుకుంటరు, అత్త కావాలనే చేసింది అనరా? అడుగు!"

"నువ్వే అడుగు. ఈడనే కూసున్నడు గద" అంది మా ఆవిడ.

అత్తయ్యగారు అడగలేదు. కానీ కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఆ దవడ నొప్పిలో కూడా నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నిండుతుందని డాక్టరు చెప్పిందండీ, కొంచెం ఆలస్యమవుతుంది అంతే" అని మా ఆవిడకి చెప్పాను. మా ఆవిడ విసుగ్గా "నిండుతదట" అంది. "నేనే అడుగుత డాక్టరమ్మను. మల్ల పట్టీ మార్చేనాడు నేనొస్త, చెప్పు" అని అత్తయ్యగారు వెళ్ళిపోయారు.

అన్నట్టే వచ్చారు. నేను కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాను. ఆవిడ డాక్టరు పక్కన నిలబడి నా నోట్లోకి తొంగి చూశారు. ఏడాదిలో ఆవిడ నన్ను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి, అదీ ఆ కోణంలో.

"గీ గుంట నిండుతదా బిడ్డా, నిజం జెప్పు" అని డాక్టరుని అడిగారు.

"నిండుతుందమ్మా. మళ్ళీ కొత్త కండ పుట్టుకొస్తోంది చూడండి, ఆ ఎర్రగా ఉన్నది. దాని మీద చిగురు మూసుకుంటుంది. ఎముక మెల్లగా పెరుగుతుంది."

"నా చేతులతోని చేసుకున్న పని ఇది. మంచి జేద్దామని పోయి పిల్లగాన్ని పరేషాన్ జేసిన."

డాక్టరు చెయ్యి నా నోట్లో ఉంది. కాదండీ, ఆ పూట నా జీవితంలోనే మంచి భోజనం అని అరవాలనిపించింది. గొంతులోంచి ఏదో గుడగుడ శబ్దం వచ్చింది. డాక్టరు నొప్పేమో అని ఇంకో సూది తీయబోయింది.

"మరి పాయ తాగొద్దా?" అన్నారు అత్తయ్యగారు వెళ్ళేముందు.

"తాగొచ్చమ్మా. గోరువెచ్చగా, కారం లేకుండా, చెంచాతో. గుడ్డు పెట్టండి, పప్పు పెట్టండి, పాలూ పెరుగూ ఇవ్వండి. బొక్కలు మాత్రం మీరే తినండి."

ఆ రోజు నుంచి మా ఇంట్లో నా దవడ చుట్టూ రాజ్యం ఏర్పడింది. పొద్దున్నే ఎల్బీనగర్ నుంచి పాయా వచ్చేది, పల్చటి బట్టలో వడకట్టి, మూలుగు గిన్నె అంచుకి కొట్టి దులిపి అందులోనే కలిపేసి. పీల్చే పని నాకు మిగల్చలేదు. మధ్యాహ్నానికి దిల్‌సుఖ్‌నగర్ నుంచి మా అమ్మ ముద్దపప్పూ నెయ్యీ కలిపిన మెత్తటి అన్నం పట్టుకొచ్చేది. ఇద్దరూ మా వంటింట్లో ఎదురుపడిన మొదటి రోజు నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది.

"పప్పు పెట్టొద్దు వదినా. పుండు మీద పప్పు తింటె చీము వడ్తది" అన్నారు అత్తయ్యగారు.

"అయ్యో, డాక్టరే పెట్టమందటండీ. మాకైతే పుండున్నప్పుడు వంకాయ పెట్టం, గోంగూర పెట్టం. పప్పేం చేస్తుందండీ పాపం!" అంది మా అమ్మ.

"గోంగూర మేము గూడ వెట్టం. చిక్కుడు గూడ వెట్టం."

"చిక్కుడు వాతం కదా, అసలే పెట్టకూడదు!"

అలా మొదలై, ఏవేవి పెట్టకూడదో ఇద్దరూ ఒకరికొకరు అందించుకుంటూ, కూరగాయల మార్కెట్టు మొత్తం నా నోటికి అందకుండా చేశారు. చివరికి పప్పు మాత్రం డాక్టరు మాట మీద గట్టెక్కింది, అది కూడా అత్తయ్యగారు ఇంగువ వేయించాకే. వాళ్ళిద్దరూ గ్యాస్ స్టవ్ దగ్గర నిలబడి నవ్వుకుంటుంటే, నేను హాల్లో కూర్చుని ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచుతూ, ఎంత సుఖంగా ఉన్నానో చెప్పలేను. నా పెళ్ళిలో కూడా ఆ రెండు కుటుంబాలూ అంత దగ్గరగా నిలబడలేదు.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. అత్తయ్యగారు మా అమ్మతో మాట్లాడేవారు, డాక్టరుతో మాట్లాడేవారు, కింద ఓనరమ్మతో నా దవడ గురించి గంటలు గంటలు మాట్లాడేవారు. నాతో మాట్లాడేవారు కాదు. చిగురు మూసుకుంది. నెలలు గడిచాక మళ్ళీ తీసిన ఎక్స్‌రేలో అంతకుముందు నల్లగా ఉన్న గుంట తెల్లబడుతూ వచ్చింది. అత్తయ్యగారు ఆ ఫిల్మ్ అడిగి పట్టుకెళ్ళి, ఎల్బీనగర్‌లో తమ వీధిలో ఇంటింటికీ చూపించారట, మా అల్లుని దవడ ఎట్ల నిండిందో చూడుండ్రి అని. ఆ సంగతి విని నాకు ఒళ్ళు మండింది. "మా అల్లుడు అని వీధంతా చెప్తారు, అల్లుడితో ఒక్క మాట చెప్పరా! నేనేం గోడనా?" అని మా ఆవిడ మీద ఎగిరాను. "నిండింది గద, ఊకో" అందావిడ. నాకు దవడ నిండింది గానీ మనసు నిండలేదు. అది మాత్రం నేను గట్టిగానే చెప్తాను.

ఒక రోజు క్లాసులో ఉండగా ఫోన్ మోగింది. అత్తయ్యగారి నంబరు. ఆ నంబరు నుంచి నాకు ఎప్పుడూ ఫోన్ రాలేదు. మా ఆవిడకేమన్నా అయిందేమోనని చాక్‌పీస్ చేతిలో ఉండగానే బయటికి పరిగెత్తాను.

"హలో?"

కాసేపు ఊపిరి చప్పుడు. తర్వాత, "నేను" అన్నారు.

"చెప్పండి అత్తయ్యగారూ."

"రేపు పొద్దుగాల ఖాళీ ఉన్నవా? దవడ పన్ను గుంజుతున్నది. నాలుగొద్దులాయె, ఓర్చుకున్న, ఇగ అయితలేదు. పిల్లకు జెప్పకు, పరేషాన్ అయితది. మీ మామకు జెప్తె నవ్వుతడు. నీకు తీసిండ్రు గద, నీకు ఎరుక. నువ్వొస్తెనే పోత."

వస్తానన్నాను. ఎలా అన్నానో తెలీదు. లోపలికి వచ్చి పిల్లలకి ఆ రోజు హోంవర్క్ ఇవ్వలేదు. ఎందుకు సార్ అని అడిగితే, ఊరికే అన్నాను.

మర్నాడు ఎల్బీనగర్ వెళ్ళి బండి మీద తీసుకొచ్చాను. డాక్టరు చూసి, అది పూర్తిగా పుచ్చిపోయింది, తీసేయాల్సిందే అంది. అంత ధైర్యంగల మనిషి, తెల్లవారకముందే లేచి మేక కాళ్ళు కాల్చి శుభ్రం చేసే మనిషి, కుర్చీలో పడుకోగానే చిన్నపిల్లయిపోయారు. డాక్టరు నన్ను బయట కూర్చోమంటే, "మా అల్లుడు ఈడనే ఉంటడు. లేకుంటె నేను లేస్త" అన్నారు. సూది చూడగానే నా మణికట్టు పట్టుకున్నారు. ఆవిడ గాజులు నా చర్మం మీద అచ్చులు పడేంత గట్టిగా పట్టుకున్నారు. పన్ను వచ్చేసిన తర్వాత కూడా వదల్లేదు. వదలమని నేనూ అనలేదు.

డాక్టరు దూది కరిపించి, జాగ్రత్తలన్నీ మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. ఉమ్మొద్దు, పీల్చొద్దు, దూది తీసేదాకా మాట్లాడొద్దు, గడ్డ కట్టనివ్వాలి. అత్తయ్యగారు అన్నిటికీ బుద్ధిగా తలూపారు. నేను బండి తీశాను. ఆవిడ వెనక పక్కకి కూర్చుని నా భుజం మీద చెయ్యి వేశారు.

చైతన్యపురి దాటామో లేదో వెనక నుంచి ఏదో వినపడింది. మొదట హారన్ అనుకున్నాను. అత్తయ్యగారు మాట్లాడుతున్నారు. దూది మధ్యలోంచి, మొద్దుబారిన నాలుకతో, ట్రాఫిక్ చప్పుడులో సగం కలిసిపోతూ.

"మా తమ్మునికి మాటిచ్చిన... నీతోని మాట్లాడితె వాని మొకం ఎట్ల జూడాలె అనుకున్న... నీ మీద కోపం గాదు..."

"అత్తయ్యగారూ, మాట్లాడకండి, డాక్టరు వద్దంది కదా!"

"మొన్న వాని కొడుకుకు లగ్గం కుదిరింది... వాడే అన్నడు, ఇంక ఎన్నొద్దులు అక్కా అని... అప్పటి సంది నీకు ఫోన్ జేద్దామని..."

"దూది ఊడిపోద్దండీ! గడ్డ పోతే మళ్ళీ మొదటికొస్తుంది, నన్ను చూశారుగా! ఇంటికెళ్ళాక తీరిగ్గా మాట్లాడుకుందాం."

ఆగలేదు. కొత్తపేటలో సిగ్నల్ పడితే ఆగలేదు, పక్కన బస్సు పొగ వదిలితే ఆగలేదు. పెళ్ళి రోజు నేను కట్టుకున్న పంచె రంగు దగ్గర్నుంచి చెప్తున్నారు. నాకు భయం వేసింది, గడ్డ పోతుందేమోనని. ఎంత తొందరగా ఇల్లు చేరిస్తే అంత మంచిదని బండి వేగం పెంచాను. వెనక నుంచి భుజం మీద చెయ్యి గట్టిగా నొక్కింది.

"జర మెల్లగ నడుపు బిడ్డా. ఇంక జెప్పుడు గాలే."